సినిమా లేని ప్రచారం

మొన్న మా అమ్మాయి ఫోనులో ఒక కుర్రాడి పాట పెట్టి, ఇది ర్యాప్ అమ్మా, మీ కాలంలో ఇలాంటివి లేవు అంది. రాగం జోలికి పోకుండా, ఊపిరి తీసుకోకుండా, మాట మీద మాట పేర్చుకుంటూ పోతున్నాడా కుర్రాడు. బాగానే ఉంది, కాదనను. కానీ "మీ కాలంలో లేవు" అనేసరికి నాకు ఒళ్లు మండింది. ఎందుకు లేవూ? మా పెదనాన్నగారు అమలాపురం వీధుల్లో పాతికేళ్లు చేసిందేమిటి మరి?

నా ఈడువాళ్లకి చెప్పక్కర్లేదు. సినిమా మారిందంటే రిక్షాకి రెండు పక్కలా వాల్‌పోస్టర్లు కట్టి, పైన గొట్టం మైకు బిగించి, లోపల కూచున్నాయన ఒక్క గుక్కలో కథంతా ప్రాసల్లో దంచుతూ గులాబీ రంగు పాంప్లెట్లు విసిరేవారు చూడండి, ఆ లోపలాయనే మా పెదనాన్నగారు. సినిమా కంటే మీ ప్రచారమే నయమండీ అని మా వీధి ఆడవాళ్లు ఆయన మొహం మీదే అనేవారు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో, అంటే తొంభైల్లో, ఆ ప్రచారాలు కూడా బెజవాడలో రికార్డయి క్యాసెట్లుగా రావడం మొదలెట్టేయి. ఇక మీరు మాట్లాడక్కర్లేదు, క్యాసెట్టు పెట్టి పాంప్లెట్లు విసిరితే చాలన్నారు హాలువాళ్లు. ఆ పూట పెదనాన్నగారు అన్నం ముట్టలేదు. కొన్నాళ్లకి, అయితే నేనూ క్యాసెట్టు చేస్తాను, సినిమా కోసం కాదు, నా సొంత మాటలతో అన్నారు. మా పెద్దమ్మ నెత్తి కొట్టుకుంది. "సినిమా ఉందని విన్నారు గానీ, మిమ్మల్ని చూసి విన్నారేమిటండీ?" అంది. ఆయన భయమూ సరిగ్గా అదే.

నోరున్న పిల్ల కదా అని రాజమండ్రి స్టూడియోకి నన్ను తోడు తీసుకెళ్లేరు. జనాన్నీ జీపుల్నీ గోదారి దాటించే పంటి ప్రయాణం, కొబ్బరి దింపు, పెళ్లివారి అలకలు, దుబాయ్ నుంచి దిగిన అట్టపెట్టెలు, అన్నిటి మీదా ఆయన కట్టుకున్నవే. డోలక్కు దరువు మీద,

రేవు కాడ పంటి, పంటి మీద జీపు,
జీపు మీద గెల, గెల మీద పిట్ట,
పిట్టకి లేదండి టిక్కెట్టూ!

అని ఎత్తుకుంటే అద్దం అవతలున్న రికార్డింగు ఆయన కూడా తలాడించేడు. చిక్కల్లా ప్రతి పాట చివరా వచ్చింది. పెదనాన్నగారి నోరు ఆగకుండా "నేడే చూడండి, తప్పక చూడండి!" అనేసేది. మళ్లీ పాడించినా మళ్లీ అదే. వినే క్యాసెట్టులో చూడ్డమేమిటండీ, జనం నవ్వుతారు, కోసేస్తాను అన్నాడు రికార్డింగు ఆయన. అదాయన సంతకం, ఎలా కోస్తారో చూస్తానని నేను వాదనకి దిగేను. వదిలెయ్యమ్మా అని పెదనాన్నగారు నా చెయ్యి పట్టుకు లాగుతున్నా వదల్లేదు. చివరికి నన్ను వదిలించుకోడానికే ఉంచేసేడు.

క్యాసెట్లు వచ్చేక, గడియార స్తంభం దగ్గర క్యాసెట్ల కొట్టాయన బయటి స్పీకరులో పెట్టనన్నాడు, గిరాకీ పోతుందిట. అక్కడా నేనే. ఒక్కసారి పెట్టండి, జనం పారిపోతే నన్ను తిట్టండి అన్నాను. పెట్టేడు. పెదనాన్నగారు లోపల బల్ల మీద తల దించుకు కూచున్నారు. మొదటి పాట చివర "నేడే చూడండి" అనడం తరువాయి, చుట్టుపక్కల సందుల్లోంచి పిల్లలు పాంప్లెట్ల కోసం పరిగెత్తుకొచ్చేరు. వాళ్ల వెనకాల తల్లులు, టీ కొట్టు దగ్గరి మగాళ్లు. రిక్షా ఏదని అటూ ఇటూ వెతికేరు. రిక్షా లేదు, సినిమా లేదు, ఉత్త గొంతు. ఇహ వెనక్కి పోతారనుకున్నాను.

ఒక్కరూ కదల్లేదు. పిట్ట టిక్కెట్టు దగ్గరికొచ్చేసరికి పకపకా నవ్వులు. ఒక వైపు అయిపోయి టేపు టక్కున ఆగగానే ఒక పెద్దావిడ, "ఆ రెండో వైపు తిప్పవయ్యా, గుడ్లప్పగించి చూస్తావేం?" అని కొట్టాయన్ని కసిరింది.

సాయంత్రానికి కొట్లో ఒక్క క్యాసెట్టు మిగల్లేదు. ఆ ఏడాదంతా రాజోలు బస్సుల్లో, కొత్తపేట ఆటోల్లో, ముక్తేశ్వరం పంటి మీదా ఆయన గొంతే. గల్ఫు వెళ్లేవాళ్లు ఆవకాయ జాడీ పక్కన ఓ క్యాసెట్టు సర్దుకునేవారు. హాలువాళ్లు మళ్లీ కబురు పెడితే, ఖాళీ లేదండి అన్నారు పెదనాన్నగారు, మహా మర్యాదగా. మా పెద్దమ్మయితే పెళ్లివారి అలకల పాట తను చెప్పిందేనని ఊరంతా చాటుకుంది.

ఇప్పుడు ఒక పాట ఎంతమంది విన్నారో క్షణాల్లో అంకె చూపిస్తున్నారు. కాదనను, పెద్ద పెద్ద అంకెలే. కానీ ఆ విన్నవాళ్ల మొహాలు పాడినవాడికి ఎలా కనబడతాయండీ? ఆ పూట కొట్లో, రెండో వైపు మొదలయ్యేక పెదనాన్నగారు మెల్లిగా తలెత్తేరు. పాతికేళ్లూ కదిలే రిక్షాలో గొట్టం వెనక కూచున్న మనిషి, తన మాట వినేవాళ్లు ఎలా ఉంటారో ఒకచోట ఆగి చూడ్డం అదే మొదలు.