మూడో సెన్సరు మీద బొటనవేలు

ఆఫీసులో ఆమెను చాటున "అనుమానం మేడం" అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆ పేరు ముందు ఎవరు పెట్టారన్నది మాత్రం ఇప్పటికీ అనుమానమే.

ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు వేశానని అత్తగారు చెప్పినా, గరిటె అంచున వేలు పెట్టి నాకి చూస్తుంది.

"నామీద నమ్మకం లేదా అమ్మాయ్?" అని ఆవిడ మూతి ముడుచుకుంటుంది.

"మీ మీద ఉందత్తయ్యా, ఉప్పు మీదే లేదు."

పంతొమ్మిదేళ్లుగా ఆమె చేసే పనీ అలాంటిదే. వేడి, బరువు, ఒత్తిడి సెన్సరు తీగల్లోంచి కరెంటుగా వస్తాయి. వాటిని అంకెలుగా మార్చడానికి చిప్పులుంటాయి. ఆ చిప్పులకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య మాట కలిపే డ్రైవరు ఆమె రాస్తుంది. అది సిస్టమ్‌కు అట్టడుగున, కెర్నెల్ అనే పొరలో ఉంటుంది. అక్కడ తప్పు దొర్లితే పైనున్న ప్రోగ్రాములకు తెలియదు. వచ్చిన అంకెను కళ్లకద్దుకుంటాయి. అందుకే చిప్పుతో వచ్చే పుస్తకాన్ని కూడా ఆమె పెన్సిలు పట్టుకుని, పక్కన ప్రశ్నార్థకాలు పెట్టుకుంటూ చదువుతుంది.

ఆ రోజు మూడింటికి నలభై బోర్డులు వ్యాను ఎక్కాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్ని వెచ్చగా ఉంచే పెట్టెల్లో బిగించే బోర్డులవి. పెట్టెకు వేడి చూసే సెన్సర్లు ఎనిమిది. అవి తప్పు చెబితే లోపలున్న బిడ్డ నోరు విప్పి చెప్పలేదు.

వారం నుంచీ పరీక్షలన్నీ సరిగ్గానే వస్తున్నాయి. అదే ఆమెకు నచ్చలేదు. పక్కవాడి పేపర్లో చూసి రాసినట్టు ఎనిమిది అంకెలూ ఒకటే. పైగా కొత్తగా చేరిన ఇంజనీరు నిన్న ఆమె డ్రైవరు ఫైలు తెరిచాడు. చూసి ఊరుకున్నాడా, చెయ్యి పెట్టాడా?

భోజనమయ్యాక ఆమె మూడో సెన్సరుకు ఒంటి వేడి తగిలేలా బొటనవేలితో నొక్కిపట్టి తెర వైపు చూసింది. మూడో అంకె కదల్లేదు. నాలుగోది పెరిగింది.

ఐదోదాన్ని నొక్కింది. ఆరోది పెరిగింది.

చిప్పులో అంకె కట్టే భాగం ఒక్కటే. ఎనిమిది తీగలకూ అదే వంతులవారీగా తిరగాలి. తీగ మారగానే వచ్చే మొదటి అంకె పాత తీగది. దాన్ని పారేసి రెండోది తీసుకోవాలి. పారేసే ఆ లైను డ్రైవరులో లేదు. సెన్సర్లన్నీ ఒకే బల్ల మీద, ఒకే వేడిలో ఉండబట్టి ఇన్నాళ్లూ తేడా బయటపడలేదు.

"నిన్న నా ఫైల్లో ఏం కెలికావ్?"

కొత్త ఇంజనీరు టీ కప్పు దించాడు. "ఏమీ కెలకలేదు మేడం. చదివానంతే."

"చదివితే లైను మాయమవుతుందా?"

"ఎవరు ఏం మార్చారో అన్నీ నమోదై ఉంటాయిగా. నేను దొంగనైతే అందులోనే దొరుకుతాను, చూడండి."

చూసింది. లైను పోయి రెండేళ్లయింది. తీసింది ఆమే. పక్కన ఆమె మాటలే: "అనవసరం. తీసేశాను." అప్పటి యంత్రానికి ఉన్నది ఒక్క సెన్సరు, తీగ మారే పనే లేదు. ఆ డ్రైవరునే ఈ బోర్డుకు తెచ్చి పెట్టేటప్పుడు, తను రాసిందే కదా అని మళ్లీ చూడలేదు.

మేనేజరు తలుపులోంచి తొంగిచూశాడు. "వ్యానొచ్చింది. ఎక్కించెయ్యమంటారా?"

కొత్త ఇంజనీరు టీ కప్పు వెనక మొహం దాచుకున్నాడు. ఎందుకు దాచుకున్నాడా అని ఆమెకు క్షణం పాటు అదీ అనుమానమే.

"వద్దు, వెనక్కి పంపండి. తప్పు నాది."

"మీదా?" మేనేజరు నవ్వబోయి ఆగిపోయాడు.

ఆమె ఆ లైను తిరిగి రాసి, కుర్చీ ఖాళీ చేసింది. "ఇప్పుడు నువ్వు నొక్కి చూడు."

అతను మూడోది నొక్కాడు. మూడోదే పెరిగింది. "బాగుంది మేడం."

"ఒకటి నొక్కి బాగుందంటావేం? ఎనిమిదీ నొక్కు."

ఎనిమిదీ నొక్కాడు. ఎక్కడి వేడి అక్కడే కనిపించింది.

"ఇక మిగతా ఫైలంతా మొదట్నించీ చదువు. నేను రాశాను కదా అని వదిలెయ్యకు."

"అంతానా?"

"అంతా."

అతను కాసేపు తల గోక్కున్నాడు. "అయితే కాగితాల మీద ప్రింటు తీసుకుంటాను మేడం. మీ పెన్సిలు ఇలా ఇవ్వండి."

ఆమె పెన్సిలు మొన చూసింది. అరిగిపోయి ఉంది. చెక్కి ఇచ్చింది.