ఒక్క తిట్టు కూడా లేదంట

బల్కంపేటలో మా గల్లీ బోనాలకు ప్రతి ఏడాది ఖాజా భాయ్ వాళ్లే మర్ఫా డప్పులు కొడతారు. ఆ దరువు మొదలయ్యాకే మా అమ్మ బోనం తలకెత్తుకుంటుంది. ఇవాళ పొద్దున ఎవరో గల్లీ గ్రూపులో ఒక వీడియో పెట్టారు. అందులో ఒకాయన నవ్వుతూ, "దయచేసి మన పండక్కి ముస్లింలను పిలవకండి" అంటున్నాడు. కింద అందరూ దండాల బొమ్మలు పెట్టారు. మధ్యాహ్నానికల్లా బోనాల కమిటీవాళ్లు ఖాజా భాయ్‌కి ఫోన్ చేసి రావద్దన్నారు.

గ్రూపులో రాయాలంటే నాకు భయం. అందుకే ఆ వీడియో ఉన్న యాప్‌లోకి పోయి, 'ద్వేష ప్రసంగం' అని ఉన్నచోట నొక్కి రిపోర్ట్ చేశాను. అందులో ఒక్క తిట్టు కూడా లేదు కాబట్టి అది ద్వేషం కిందికి రాదని సాయంత్రం జవాబు వచ్చింది. అమీర్‌పేటలో చాయ్ తాగుతున్న ఖాజా భాయ్‌కి అది చూపించాను.

"ఛోడ్ రే. ఆయన తిట్టిండా ఏమన్న? మంచిగనే చెప్పిండు గదా."

"తిట్టినా బాగుండు భాయ్. గప్పుడన్న ఆ వీడియో తీసేస్తుండిరి."

భాయ్ నవ్వబోయి ఆగిపోయాడు.

"మీ అమ్మకు మాత్రం నేనే రానన్ననని చెప్పు. లేకుంటే మస్తు ఫికర్ చేస్తది."

ఇంటికొచ్చాను. అమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు. తిట్టు లేకపోతే ద్వేషం కాదంట. మరి ఖాజా భాయ్ ఎందుకు రావట్లేదని అమ్మ అడిగితే, మీరైతే ఏం చెప్తారు?