చొప్ప వెనక లారీ

మొన్న మంగళవారం పొద్దున మా అక్క పోయింది. తోడబుట్టిన అక్క కాదు, నా తోటికోడలు, మా బావ భార్య. చాయ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గోడకు ఆనుకొని కూర్చుంది. నేను పిలిస్తే పలకలేదు. చుట్టాలకు కబురు పంపాను, వచ్చినవాళ్లకు చెప్పాల్సింది చెప్పాను. ఏడుపు మాత్రం ఇంకా రాలేదు.

చిల్పూర్ దగ్గర మా ఊళ్లో నేను కోడలిగా అడుగుపెట్టేనాటికే బావకు ఒక చిన్న లారీ ఉండేది. వెనక చెక్కల తొట్టి. అందులో వడ్లు, జొన్నలు జనగామ స్టేషనుకు తోలేవాడు. సాయుధ పోరాటం ముదిరాక సర్కారు తుపాకుల మనుషులు ఊళ్లమీద పడి, కనబడిన మోటారు బండినల్లా పట్టుకుపోసాగారు. బావ పోరాటం నడిపే సంఘంలో కలిసి మానుకోట అడవులకు వెళ్లిపోయాడు. పోయేముందు అక్కతో, "బండి దొరకనియ్యకు. మల్ల మన బతుకంత గదే" అన్నాడు.

దాన్ని దొడ్లో కొట్టంలోకి తోసి, ముందర జొన్నచొప్ప పేర్చాం. అక్క చొప్ప సందులోంచి దూరి దాన్ని చూసుకునేది. చక్రాలు నేలలో దిగబడకుండా ఇరుసుల కింద రాళ్లు పెట్టించింది. అయినా టైర్లు ఎండి పగిలాయి. ఎలుకలు సీటు చింపి పిల్లలను పెట్టాయి, వైర్లు కొరికాయి. ఆమె వేపాకు తెచ్చి పోస్తే దానిమీదే తిరిగాయి. వానాకాలం నేల చెమ్మకు అడుగంతా తుప్పు పట్టింది. ట్యాంకులో పెట్రోలు వాసన కూడా మారిపోయింది.

"ఒక్కపారి హ్యాండిలు తిప్పి ఇంజను చాలు చేసి చూస్తే ఏమైతదక్కా?" అని అడిగాను.

"సప్పుడైతది. సప్పుడైతే బండీ ఉండది, మనమూ ఉండం" అంది.

పోరాటం ఆగిపోయాక ఒక మధ్యాహ్నం ఎవరో బావను ఎడ్లబండిలో తెచ్చి దించిపోయారు. కాటారం దిక్కు అడవుల్లో తగిలిన తూటా గాయం కుళ్లి, కాలు నల్లబడింది. మంచం మీద పడుకోబెట్టగానే అతను అడిగింది ఒకటే.

"బండి ఉన్నదా?"

"ఉన్నది" అంది అక్క.

అతన్ని దాంట్లోనే దవాఖానకు తీసుకుపోదామని మా ఆయన, నేను చొప్ప లాగేశాం. మా ఆయన బలమంతా పెట్టినా హ్యాండిలు కదల్లేదు. ఇంజను బిగుసుకుపోయింది. తోసి చూద్దామంటే బ్రేకులు పట్టేసి చక్రం తిరగలేదు. మేమిద్దరం వదిలేశాం. అక్క మాత్రం కాళ్లు మట్టిలో జారుతున్నా తోస్తూనే ఉంది.

"ఇగ ఇడువు" అన్నాడు బావ మంచం మీంచి. "ఏండ్లకేండ్లు నిలవెడితే గిట్లనే అయితది. నేను చెప్పి పోవాల్సింది. నీ తప్పు లేదు."

మా ఎడ్లబండి కట్టి జనగామ దవాఖానకు బయల్దేరాం. దారిలోనే ప్రాణం పోయింది. అక్క ఏడవలేదు. అతని ముఖం మీద ఎండ పడకుండా కొంగు అడ్డం పట్టుకొని కూర్చుంది.

దినాలు కాకముందే ఒకరోజు లారీ ముందు మళ్లీ చొప్ప పేరుస్తూ కనిపించింది. "ఇగ ఎవలకు కనబడకుండనక్కా?" అన్నాను. నా వైపు చూసింది కానీ చేతులు ఆగలేదు. నేనూ ఒక మోపు అందించాను.

కొన్నాళ్లకు దాన్ని ఒక మెకానిక్కు విప్పి తీసుకుపోయాడు. అక్కకు పిల్లలు లేరు, నా పిల్లలనే పెంచింది. ఏదైనా వాడకుండా దాచిపెడితే ఆమె ఊరుకునేది కాదు. పెట్టెలో ఉన్న నా పెళ్లి పట్టుచీర తీసి, "కట్టుకో. పెట్టెల ఉంటే శీకిపోతది" అని మామూలు అంగడి రోజున కట్టించింది. అంగట్లో అందరూ నవ్వారు. చిరిగేదాకా కట్టుకున్నాను ఆ చీర.

మా పెద్దోడు ఈమధ్య ఒక లారీ కొన్నాడు. కిరాయి లేని రోజున కూడా అక్క పొద్దున్నే వాణ్ణి లేపేది. "జర చాలు చెయ్యి బిడ్డా" అనేది. ఇంజను మోగుతుంటే ముందరి రేకు మీద అరచెయ్యి ఆనించి నిలబడేది. రేకు వెచ్చబడ్డాక చెయ్యి తీసి, చీరకు తుడుచుకొని, ఇంట్లోకి వచ్చేది.