పౌడరు డబ్బాలో బరువు చీటీలు

నాకు అనుమానం ఎక్కువని మా అత్తగారు అనేవారు. ఎక్కువేమీ కాదు, ఉండాల్సినంతే ఉంది. పాలవాడు నీళ్లు కలపడా? దర్జీ గుడ్డ మిగల్చుకోడా? ఆ ఏడాది మాత్రం, నిజం చెప్పాలంటే, ఇంటా బయటా నేను ఎవరినీ నమ్మలేదు.

మాది విజయనగరం వైపు. రాయపూర్‌లో రైల్వే క్వార్టరు. మా ఆయన ఆవిరి ఇంజన్ మీద ఫైర్‌మన్‌గా చేరి, ఏళ్ల తరబడి పారతో బొగ్గు ఎగేసి డ్రైవరయ్యారు. ఎనభైల్లో డీజిల్ ఇంజన్ ఇచ్చారు. పార పోయి కుర్చీ వచ్చింది. ఆకలి మాత్రం ఎక్కడికీ పోలేదు. బొగ్గు ఎగేసే రోజుల్లో ఎంత తినేవారో కుర్చీలో కూర్చునీ అంతే తిన్నారు. చొక్కాలు బిగుతయ్యాయి, పైకెక్కితే ఆయాసం మొదలైంది.

రైల్వే డాక్టరు మెడికల్‌లో ఆపేశాడు. బీపీ ఉంది, బరువుంది, నాలుగు నెలల్లో తగ్గించుకొని రా, అందాకా షెడ్డులో పని చెయ్యి, తగ్గకపోతే ఇక ఎప్పటికీ షెడ్డే అన్నాడు. ఇంజనెక్కని డ్రైవరంటే మా కాలనీలో ఎంత చులకనో చెప్పలేను. కూత వినిపిస్తే చాలు, ఆయన వరండాలోకి వెళ్లి నిలబడేవారు. ఏ బండో, ఎవరు నడుపుతున్నారో గొణుక్కునేవారు. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

డాక్టరు ఒక కాగితం రాసిచ్చాడు. అన్నం సగం, ఉడికించిన కూర, యాపిల్ పండు, రోజుకో గంట నడక. ఆ కాగితం మీదా నాకు అనుమానమే. యాపిల్ పళ్లు మా వీధి చివర కాస్తున్నాయనుకున్నాడా ఈ మనిషి?

ఇక మా అత్తగారు. బియ్యం కొలిచే ఇత్తడి సోల ఆవిడ చేతిలోనే ఉండేది. పూటకు మూడు సోలలు, అదీ కొడుకు బొగ్గు ఎగేసే నాటి కొలత. రెండున్నర పోయమన్నానని ఇంత ఎత్తున లేచారు.

“ఏటే, సోల తగ్గించీమంతావా? డ్రైవరింట్లో తిండికి నేదని అందరూ నవ్వాలేటి? ఆడు తిన్నంత తింతాడు. నువ్వు వండీ.”

వడ్డన కూడా ఆవిడే. కంచం నిండా పెట్టేవారు. ఆయన కాగితం తల్చుకుని సగంలో లేచేవారు. మా ఇంట్లో ఆడవాళ్లం మొగుడు తిన్న కంచంలోనే తినాలి. పెళ్లయిన పూట నుంచీ అదే కంచం నాకు. ఆయన లేవగానే నేను కూర్చునేదాన్ని. మిగిలింది పారేస్తే అత్తగారు ఊరుకోరు, నాకూ మనసొప్పదు. రాత్రి మిగిలిన అన్నమైతే పొద్దున్నే డాల్డాలో వేగేది. మా ఊళ్లో అది తరవాణి కుండ నీళ్లలో నానేది. ఇక్కడ పక్కింటి ఛత్తీస్‌గఢీ వాళ్లు అదే పని చేసి బాసీ అంటారు. కానీ డ్రైవరింట్లో చద్దికూడు తింటే నామోషీ అని అత్తగారు మాన్పించారు. వేయించిన అన్నం ఇప్పుడాయన ముట్టరు కదా, అదీ నాకే.

ప్రతి ఆదివారం సాయంత్రం ఆయన స్టేషన్‌కి నడిచి వెళ్లి, రంగు దీపాలు తిరిగే తూకం మిషన్ ఎక్కేవారు. పైసలు వేస్తే అట్టముక్క రాలేది. ఒక వైపు బరువు, ఇంకో వైపు జాతకం. మొదటి చీటీ మీద ఎనభై ఆరు. దాన్ని నా పౌడరు డబ్బాలో దాచాను. తర్వాతి చీటీలన్నీ వరసగా తగ్గుతూ వచ్చాయి.

అంత బుద్ధిగా తగ్గడమే నాకు నచ్చలేదు. అన్నం సగం మానేసిన మనిషి ఈసురోమని ఉండాలి కదా? ఈయన ఈల వేసుకుంటూ ఇంటికొస్తారు. చొక్కా విప్పగానే వాసన చూసేదాన్ని, సమోసా నూనె తగులుతుందేమోనని. జేబులు వెతికితే చీటీలే దొరికాయి. ఆ చీటీలు అసలు ఈయనవేనా? షెడ్డులో పుల్లలా ఉండే ఖలాసీలు బోలెడు మంది. వాళ్లలో ఒకణ్ణి మిషనెక్కించి నా కళ్లు కప్పుతున్నారని గట్టిగా అనుకున్నాను. నన్ను నమ్మించొచ్చు, డాక్టరు కాటాని ఎలా నమ్మిస్తారు? నాలుగో నెల వచ్చేసింది.

ఒక ఆదివారం వెనకాలే బయల్దేరాను. మా కాలనీలో ఆడది ఉత్తి చేతుల్తో నడిచిందంటే ఏదో జరిగిందనే లెక్క. అందుకని ఖాళీ సంచీ పట్టుకున్నాను. అయినా పక్కింటావిడ వదల్లేదు. “కహాఁ జాథస్ బహినీ?” అంది, ఎక్కడికని. కూరలకన్నాను. కూరలు తెచ్చి గంట కాలేదని ఆవిడకు తెలుసు. వీధి మలుపు దాకా ఆవిడ చూపు నా వీపు మీదే ఉంది.

స్టేషన్ చేరేసరికి నా మోకాళ్లు పట్టేశాయి. క్వార్టరు గచ్చు చెమ్మ వల్లే ఈ నొప్పులని అప్పటికి రెండు నెలలుగా తిట్టుకుంటున్నాను. స్తంభం చాటున నిలబడ్డాను. ఆయన ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరికి చేతులూపుకుంటూ నడుస్తున్నారు. సమోసా బండి దాటేటప్పుడు తల అటు తిప్పుకున్నారు. ఖలాసీ లేడు, ఎవరూ లేరు. చివరికి తనే మిషనెక్కారు. చీటీ తీసుకుని తిరిగేసరికి నేను కనబడ్డాను.

“ఎనకాలొచ్చీసేవేటి? నమ్మకం నేదా?”

ఖాళీ సంచీ వెనక్కి దాచుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయనకి కోపం రాలేదు, నవ్వొచ్చింది. “మిషన్ మీదా అనుమానమేనా? ఆ, నువ్వే ఎక్కి చూడు, చలో,” అని తనే పైసలు వేశారు. కడుపుతో ఉన్నప్పుడు తప్ప నన్నెవరూ తూచలేదు. ఆ మధ్య నా జాకెట్లన్నీ పట్టేస్తుంటే దర్జీ గుడ్డ కొట్టేశాడని రచ్చ చేసి, మజూరీ కూడా ఇవ్వలేదు.

దీపాలు తిరిగి ఆగాయి. చీటీ రాలింది. ఆయన తీసి చూసి, నవ్వడం మానేశారు. నేను లాక్కున్నాను.

ఎనభై ఆరు.

ఆయన నా చేతిలోని చీటీని మళ్లీ ఒకసారి చూశారు. తర్వాత మెల్లగా అన్నారు. “నాను వొదిలీసిందల్లా ఎక్కడికెల్లిందా అనుకున్నాను.”

వెనక వైపు జాతకంలో నాకు శుభవార్త ఉందని రాసి ఉంది. నిజమే, వారం తిరక్కుండా ఆయన మెడికల్ పాసయ్యారు. అత్తగారు ఆ రోజు నాలుగు సోలలు పోశారు. ఆయన మళ్లీ ఇంజనెక్కారు, కాలనీ అంతా లడ్డూలు పంచాం. మిగతా చీటీలన్నీ పోయినా ఆయన మొదటి చీటీ, నా చీటీ, ఆ రెండూ ఇప్పటికీ డబ్బాలో ఉన్నాయి. ఒకే అంకె. ఆ అంకె చూసి ఆయన్ని ఒక్క రోజులో ఇంజన్ మీంచి దింపేశారు. అదే అంకెతో నేను ఆ సాయంత్రమే స్టేషన్ నుంచి ఇంటికెళ్లి పొయ్యి వెలిగించాను. ఆయన తిని లేచారు, అదే కంచం ముందు నేను కూర్చున్నాను.