పైకప్పు లేని కొట్లో పాలు పొంగించేం

నా పెళ్లికి నా చొక్కా నేను కుట్టుకోలేదు. టైలర్ని అయ్యుండీ కుట్టుకోలేదు. పిల్లనిచ్చిన మావయ్య పెట్టిన షరతు అదొక్కటే: పెళ్లికొడుకు చొక్కా వేరే ఎవరిచేతైనా కుట్టించాలి. నాకు పని నేర్పిన గురువు కూడా ఆయనే కాబట్టి, నా చేతిలో కాలరు ఎటు తిరుగుతుందో ఆయనకి తెలీనిది కాదు.

ఏడో తరగతిలో లెక్కల మేష్టారు నన్ను బెంచీ ఎక్కిస్తే కిటికీలోంచి మావయ్య కొట్టు కనిపించేది. బెంచీ దిగి తిన్నగా అక్కడికే పోయేను. మళ్లీ బడి మొహం చూడలేదు. మావయ్య మా అమ్మకి తమ్ముడు. "సదువు అబ్బలేదు, కత్తెరైనా అబ్బుతాదేమో సూద్దారి" అని కాజాలు కుట్టడానికి కూచోబెట్టేడు.

చోడవరం మెయిన్ రోడ్డు మీద పాత మార్కెట్టులో ఉండేది ఆ కొట్టు. పక్కన గాజుల కొట్టు. అది నడిపే ఆవిణ్ణి మేమంతా అక్క వరసలో అప్పా అనేవాళ్లం. మావయ్య మిషను గుమ్మానికెదురుగా ఉండేది. బట్ట వైపు చూడకుండా రోడ్డు చూస్తూ కుట్టేవాడు. దేవరాపల్లి బస్సు దిగినవాళ్లని పేరుతో కాదు, భుజాలతో గుర్తుపట్టేవాడు. పేరు మర్చిపోతాడు గానీ భుజం మర్చిపోడు.

మార్కెట్టు పెచ్చులూడిపోతోందని, పడగొట్టి షాపింగ్ కాంప్లెక్సు కడతామని, పాత కొట్లవాళ్లకి రోడ్డు వైపు కిందనే ఇస్తామని పంచాయితీవాళ్లు చెప్పేరు. మేం సంబరపడ్డాం. మావయ్య కొట్టు బోర్డు విప్పి, పాత దుప్పటి చుట్టి, మేమంతా కలిసుండే ఇంట్లో మంచం కింద పెట్టేడు. "ఎంతలేరా, గోవాడ పంచదార ఫేక్టరీకి చెరుకు బళ్లు కదిలీసరికి కొత్త కొట్లో ఉంటాం" అన్నాడు. చెరుకు బళ్లు కదిలితేనే మాకు కొత్త బట్టలు కుట్టించేవాళ్లు కదుల్తారు.

చెరుకు బళ్లు కదిలేయి. ఆగేయి. మళ్లీ కదిలేయి. స్తంభాలు లేచేయి గానీ వాటి మీద శ్లాబు పడలేదు. ఆ స్థలం మా తాతదంటూ ఒక కుటుంబం కోర్టుకెళ్లింది, స్టే వచ్చింది. ఇనప ఊచలు ఆకాశం వైపు చూస్తూ తుప్పు పట్టేయి. స్తంభానికీ స్తంభానికీ మధ్య నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలు కట్టేరు. ఊళ్లో పుట్టినరోజులకి మాత్రం స్టే లేదు.

మా మిషన్లు ఇంటి అరుగు మీదకి వచ్చేయి. ఇల్లు సందు చివర. దారి తప్పినవాడు తప్ప అటు కస్టమరు రాడు. వచ్చినా చిరుగులూ, జిప్పులూ. కొత్త చొక్కా కుట్టించుకునేవాడికి రోడ్డు మీద రెడీమేడ్ దొరుకుతోంది. నాది సరే, నాకు కుట్టడం ఎలాగూ అంతంతమాత్రమే. మావయ్యకి ఎదర రోడ్డు లేకపోతే చెయ్యి ఆడదు. పేంటు అంచు మడవడానికి పొద్దంతా పట్టేది. పొద్దువాలితే వెళ్లి, స్తంభాల మధ్య మా కొట్టు వచ్చే చోట నిలబడి రోడ్డు చూసొచ్చేవాడు.

"ఏటి నానా, కట్టీసేరా?" అనడిగేది మా ఆవిడ.

"కట్టీసేరమ్మా. మన స్తంబానికి ఎవడో గేదెని."

అలా నవ్వించినన్నాళ్లు ఆయనకి ఆశ ఉందనే లెక్క.

ఒకరోజు మా కొట్లవాళ్ల తరపు లాయరు గారు ఫోన్ చేసి స్టే కొట్టేశారన్నారు. సిమెంటు లారీ వచ్చింది. మావయ్య మంచం కిందనుంచి బోర్డు తీసి కిరసనాయిలు గుడ్డతో తుడిచేడు. లాయరు గారు ఒకటే మాట చెప్పేరు: కేసింకా తేలలేదు, పని పూర్తయ్యేదాకా మీరెవరూ అటు వెళ్లకండి, అవతలివాళ్లు సాకు కోసం చూస్తన్నారు.

కానీ ఆషాఢం దగ్గర పడింది. కొట్లవాళ్లమంతా మా అరుగు మీద కూచున్నాం.

"ఆషాడంలో అడుగెడితే నిలవదు," అన్నాడు మావయ్య. "అది పోయీసరికి ఏ కాయితం వచ్చి పడతాదో. ముందు పాలు పొంగించెద్దాం. గోడలు ఎనకాల లేస్తాయి."

"మావా, గుమ్మం లేదు. పసుపు దేనికి రాస్తావు?" అన్నాను.

"ఇటిక పెట్టి దానికి రాస్తాను. ఇటికుంటే గుమ్మమే."

గాజుల అప్ప క్రిస్టియను. "నాకు ఆషాడం పట్టింపు లేదు గానీ, మీరందరూ లోపలుంటే నేనొక్కదాన్నీ రోడ్డు మీద నిలబడాలా? మా పాస్టరు గారిని పిలుస్తాను" అంది. లాయరు గారి మాట ఎవరికీ గుర్తు రాలేదు. నిజానికి గుర్తొచ్చింది. పాలు పొంగించడం కూడా కోర్టు లెక్కలోకి వస్తుందని తోచలేదంతే.

పొద్దున్నే ఎవరి స్తంభాల మధ్య వాళ్లు ఇటికలతో పొయ్యి పెట్టుకున్నాం. పైన కప్పు లేదు, పక్కన గోడ లేదు, గాలికి మంట ఆరిపోతోంది. ఒక నాయకుడి ఫ్లెక్సీ విప్పి అడ్డం పట్టుకున్నాం. ఆయన వల్ల మాకు జరిగిన మేలు అదొక్కటే. పాలు తూర్పుకి పొంగేయి. అప్ప వైపు ప్రార్థన అయ్యి ఆమెన్ అంటే మేమూ అన్నాం. మావయ్య మిషను ఆటోలో తెప్పించి, పసుపు రాసిన ఇటిక దాటించి, రోడ్డుకెదురుగా పెట్టేడు. తెల్లగుడ్డ మీద ఒక వరస కుట్టేడు, బట్ట వైపు చూడకుండా. అందరం ఫోన్లలో ఫోటోలు తీసి ఊరంతటికీ పంపించుకున్నాం.

అవతలివాళ్లు ఫోటోలు తీసుకోనక్కర్లేకపోయింది. మావే కోర్టులో పెట్టేరు: కేసు తేలకుండానే కొట్లు ఆక్రమించుకున్నారు, యంత్రాలతో సహా దిగిపోయేరు అని. పని మళ్లీ ఆగిపోయింది.

లాయరు గారు నన్నూ మావయ్యనీ పిలిపించి ఫోను మాకేసి తిప్పేరు. అందులో తలకి కొత్త తువ్వాలు చుట్టుకుని, మిషను మీద మావయ్య.

"కట్టుకోడానికి కోర్టు దారిచ్చింది. కాపరం పెట్టమందా?"

మావయ్య తన ఫోటో తనే కాసేపు చూసుకున్నాడు. "పాలు పొంగించకండా కొట్లోకెళ్తే దోసం గదా బాబూ."

"పొంగించేరుగా. ఇప్పుడు వెళ్లండి," అన్నారు లాయరు గారు.

ఆషాఢం వానలకి సిమెంటు బస్తాలు తడిసి, బస్తా ఆకారంలోనే రాళ్లయిపోయేయి. చీడికాడ వెళ్లే ఆటోల కోసం చూసేవాళ్లు వాటి మీద కూచుంటన్నారు. కాంట్రాక్టరు సామానెత్తుకుని పోయేడు. గాజుల అప్ప తట్ట పట్టుకుని సంతలకి తిరుగుతోంది. వాయిదా పడిందని లాయరు గారు చెప్పడం, మేం సరేననడం, ఇదే జరుగుతోంది. మళ్లీ ఎప్పటికని ఇప్పుడెవరూ అడగడం లేదు.

మావయ్య అటు వెళ్లడం మానేసేడు. బోర్డు మళ్లీ మంచం కిందకి చేరింది. ఈసారి దుప్పటి చుట్టలేదు. మిషను గోడకేసి తిప్పుకుని కూచుంటన్నాడు. సూదిలో దారం మా ఆవిడ ఎక్కించి ఇస్తోంది. నాకేమో నోరూరుకోదు. గేదెని ఎవరో విప్పుకుపోయేరన్నాను, నవ్వలేదు. సిమెంటు బస్తాల మీద మనమూ కూచుందాం, కాంప్లెక్సులో సీటు దొరికినట్టే అన్నాను, నవ్వలేదు.

మొన్న సాయంత్రం ఇంకేమీ తోచక అన్నాను: "మావా, కాంప్లెక్సు పూర్తయ్యి మన కొట్టు తెరిసినరోజు నువ్వు తొడుక్కునే చొక్కా నేనే కుడతాను."

మావయ్య గోడ వైపు చూస్తూనే దారం తెంపేడు.

"కుట్టరా. ఇంక బయ్యం లేదు నాకు. ఆ చొక్కా తొడుక్కునే రోజెలాగూ రాదు."