మరమ్మతు పోగా మిగిలితే

మొన్న ఆదివారం మేముండే మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా బాబాయికి శాలువా కప్పారు. పేదపిల్లల పైచదువులకి ఏళ్ళ తరబడి అండగా నిలిచాడట. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ చదువుల సంగతి చెప్పాలి. మా వీధిలో ఒక పాత మేడ, దాని కింద వరసగా కొట్లు ఉన్నాయి. ఎప్పుడో పోయిన ముస్లిం వర్తకుడొకాయన దాన్ని వక్ఫు చేసి దేవుడి పేర విడిచిపెట్టాడు. అమ్మకూడదు. అద్దెలతో ముందు మేడ బాగుచేసి, మిగిలినదానితో వీధిలోని పిల్లల్ని, మతం అడక్కుండా, కాలేజీ చదివించాలి. అదంతా చూసుకునే ముతవల్లీ గారు రిటైరైన బడిపంతులు. ఆ సొమ్ముతో ఒక టీ తాగి ఎరగరు. మూలకొట్టులో అద్దెకున్నది బాబాయి. "ముందు మరమ్మతు" అన్న ముక్క ఒక్కటే ఆయనకి కంఠతా వచ్చు. ఏటా పరీక్షా ఫలితాలొచ్చే వేళకి, వాన పడకపోయినా ఆయన కొట్టు కప్పు కారేది.

అక్క ఇంజనీరింగు సీటు తెచ్చుకున్న ఏడు ఆయన కన్ను గచ్చు మీద పడింది. పగిలిన గచ్చు మీద ఎవరైనా పడితే పూచీ మీదేనంటూ ముతవల్లీ గారి గుమ్మంలో కూర్చుని సాధించాడు. నాన్న లేని ఇల్లు మాది. అమ్మ వెళ్ళి బాబాయిని బతిమాలింది.

"ఈ ఒక్క ఏడూ ఆగు బాబూ, పిల్ల సదువు పోతాది."

"ఆడపిల్ల ఇంజినీరై ఏటి సేస్తాది వదినా? గచ్చైతే పది కాలాలుంటాది," అన్నాడు, కిళ్ళీ నములుతూ.

పచ్చ టైల్సు పడ్డాయి. అక్క పక్కపేట తామ్వేలో ఒక బట్టలకొట్టులో బిల్లులు రాయడానికి కుదిరింది, ఇప్పటికీ అక్కడే ఉంది. టైల్సు మాత్రం ఆరేళ్ళకే లేచిపోయాయి. అక్క సీటు పోయిన రెండేళ్ళకి నాకు ఫీజు అందిందంటే, ఫలితాల నెలలో ముతవల్లీ గారు ఇంటికి తాళంవేసి బాబాయికి దొరక్కుండా తిరగబట్టే. సొంత అన్న కూతురి నోటిదగ్గర కూడు లాగిన ఆ మనిషిని నేను ఈనాటికీ మనిషిగా లెక్కవేయను.

సభ అయ్యాక శాలువాతోనే మా దగ్గరికొచ్చాడు. మనవరాలికి మెడిసిన్ సీటు వచ్చిందట.

"ఈ ఏడు మరమ్మతులేటీ వొద్దని నానే సెప్పేసినాను. సదువు కన్నా గొప్పదేటుంది?"

నేను నోరు తెరిచేలోపు అక్క, "మంచి పని సేసినావు బాబాయ్, పిల్లని బాగా సదివించు," అంది. మనస్ఫూర్తిగానే అంది.

కాలం మనుషుల్ని మారుస్తుందంటారు. మా బాబాయిని మార్చడానికి దానికి అక్క వయసంతా పట్టింది.