నేరమంతా పంపుదే

మోచేతుల దాకా ఉప్పునీళ్ళలో ముంచిన చేతులు పైకి తీసి, భుజం మీది తువ్వాలుతో వేలు వేలూ తుడుచుకుని, పంపు బాబాయి తీర్పు చెప్పాడు.

"పంపండీ."

ఎవరింటికెళ్ళినా ఆయన తీర్పు ఇదే. అద్దాల తొట్టెల్లో చేపలు ఎందుకు చచ్చిపోతున్నాయో కనిపెట్టడం ఆయన వృత్తి. ముప్పై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల ఏ చేప పోయినా ముద్దాయి ఒక్కటే. పొట్ట ఉబ్బి పోయినా పంపే, రెక్కలు రాలి పోయినా పంపే. ఒకరింట్లో పట్టపగలు పిల్లి వచ్చి చేపని నోట కరుచుకుపోతే, "పంపు గట్టిగా చప్పుడు చేసుంటే పిల్లికంత ధైర్యమెక్కడిది?" అన్నాడట. పెట్టిన పేరేదో ఆయనే మరిచిపోయాడు.

ఈసారి ఆ తీర్పు విన్న ఇంటాయన, గడియారాల మేస్త్రికి ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళు కంటికి భూతద్దం తగిలించుకుని, ఎవరూ నేర్పకుండా, విప్పీ బిగించీ పని నేర్చుకున్న మనిషి. తిరిగే యంత్రానికి జబ్బు చేస్తే చెవితో చెప్పగలడు. తొట్టెలో నీళ్ళు తిప్పే ఈ పంపు చప్పుడులో వెంట్రుకవాసి తేడా లేదు.

"పంపుకేమయిందయ్యా?"

"అలిసిపోయింది."

"ఇంకో పదేళ్ళు తిరుగుతుంది!"

"పైకలాగే కనపడుతుంది మేస్త్రిగారూ. లోలోపల కుమిలిపోతోంది."

"పంపా?"

"పంపే."

మామూలుగా అయితే మేస్త్రి నవ్వి ఊరుకునేవాడు. కానీ ఆ తొట్టె కోడలిది. ఆస్పత్రిలో నర్సు. పెళ్ళై వచ్చినప్పుడు బట్టల పెట్టె ఒక చేత్తో, చేపల సంచి ఒక చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన పిల్ల. ఉన్నవి ఆరు చేపలు. ఐదు వారాల్లో నాలుగు పోయాయి. మిగిలినవి రెండే, నారింజరంగు మీద తెల్లపట్టీల జంట. అవి కూడా ఓ మూల చేరి, ఆయాసపడుతున్నాయి.

"ఈ రెండూ పోతే తొట్టె ఎవరికైనా ఇచ్చేస్తాను," అంది కోడలు. ఆ తర్వాత ఇంట్లో పెద్దగా మాట్లాడలేదు. అత్తగారితో అసలే మాట్లాడలేదు. అత్తగారు వంటింట్లో కొట్టే బొద్దింకల మందే చేపల్ని చంపుతోందని ఆమె అనుమానం.

"నేను వంటింట్లో కొడితే హాల్లో చేప చస్తుందా?" అని అత్తగారు గోడలకి చెప్పుకునేది. "నాకంత గురే ఉంటే ముందు బొద్దింకే చచ్చేది కదా!"

అందుకే పంపు తీర్పు రాగానే కోడలు గట్టిగా ఊపిరి వదిలింది. "అత్తయ్యా, ఏదేదో అనేశాను."

"పోనీలే. ఎంగిలిపడకుండా డ్యూటీకెళ్ళకు," అంది అత్తగారు. చాలా రోజుల తర్వాత వంటింట్లో రెండు గొంతులు వినపడ్డాయి.

బాబాయి తన సంచిలోంచి ఇంకో పంపు తీసి బిగించి, పాతదాన్ని బక్కెట్లో వేసుకుని మెట్లు దిగాడు. మేస్త్రి వెంటపడ్డాడు.

"నా చెవి అబద్ధం చెప్పదు. అది నిక్షేపంలా ఉంది. నిజం చెప్పు."

బాబాయి ఆగాడు. పైకి చూశాడు, తలుపు మూసే ఉంది. జేబులోంచి జానెడు గొట్టం తీసి, తొట్టెలోంచి పట్టుకొచ్చిన నీళ్ళు ఒక చుక్క దాని కొసన వేసి అందించాడు. "వెలుతురుకేసి పెట్టి చూడండి. ఉప్పెంతో చెబుతుంది."

"నలభై ఆరు."

"లీటరుకి ముప్పై అయిదు గ్రాములుండాలి. తొట్టెలో నీళ్ళు తగ్గితే పోసేదెవరు?"

"నేనే. అమ్మాయికి వరసగా డ్యూటీలు పడుతుంటే నాకప్పజెప్పింది. రోజూ గీత దాకా పోస్తాను. గ్రాము తేడా రాకుండా తూచి మరీ."

"ఏం తూచి?"

"ఉప్పు. సముద్రపు చేపలకి చప్పిడి నీళ్ళు పోస్తానా?"

బాబాయి మెట్టు మీద కూలబడ్డాడు. "ఆవిరయ్యేది నీళ్ళొక్కటే మేస్త్రిగారూ. ఉప్పు ఎక్కడికీ పోదు. తగ్గినంత మేర ఉత్త మంచినీళ్ళే పోయాలి. మీరు ఉప్పు మీద ఉప్పు పోస్తూ వచ్చారు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు, వాటికి మనం నీళ్ళే మిగల్చలేదు."

మేస్త్రి వేళ్ళ మీద లెక్కపెట్టాడు. ముప్పై అయిదు పొద్దులు. నగల త్రాసు, చెక్క గరిటె, బక్కెట్లో ఒక్క పలుకు మిగలకుండా కలపడం. తప్పుని అంత కచ్చితంగా చేసినవాడు ఆ వీధిలో ఇంకొకడుండడు.

"నువ్వు పైన పంపన్నావు."

"అది నొచ్చుకోదు కదండీ."

మందు కూడా చెప్పాడు. రోజుకో చిన్న బక్కెట్ తోడి, అంతే మంచినీళ్ళు, సన్నటి ధారగా. "తొందరపడితే ఈ రెండూ పోతాయి. వారం పడుతుంది."

నాలుగో రోజు మేస్త్రి సీసాలో నీళ్ళు పట్టుకుని బాబాయి ఇంటికెళ్ళాడు. ముందుగదిలో గోడ పొడుగునా బల్లలు, వాటి నిండా పంపులు. ఒక్కోదానికీ దారంతో కట్టిన చీటీ. "తాతగారు, నొప్పుల మందు రాసుకున్న చేతులు." "చిన్నపాప, బిస్కెట్లు." "కొత్తల్లుడు, అద్దం తుడిచే మందు." మేస్త్రి ఊరుకోలేక మూడు నాలుగు తీసి తిప్పి చూశాడు. ఒక్కదానికీ జబ్బు లేదు.

"ఈ ఇంట్లోది ఆ ఇంటికి, ఆ ఇంట్లోది ఈ ఇంటికి," అంది బాబాయి భార్య మంచినీళ్ళిస్తూ. "పంపుకి డబ్బు పుచ్చుకోరు. నేరం మాత్రం మోసుకొస్తారు. నాకు కూర్చోడానికి చోటు లేదు అన్నయ్యగారూ!"

బాబాయి గొట్టంలోంచి కన్ను తీయలేదు. "మొదటి ఇంట్లో నిజమే చెప్పానండీ. ఒక ముసలావిడ, తొట్టెలో రాళ్ళు నాచుపట్టాయని సబ్బుతో తోమింది పాపం. అందరి ముందూ చెప్పాను. నా తెలివి అందరికీ తెలియాలి కదా! వాళ్ళు చేపలు మళ్ళీ తెచ్చుకున్నారు. ఆవిడ మాత్రం ఆ గదిలోకి మళ్ళీ రాలేదట." గొట్టం తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "నలభై. బాగా దింపుతున్నారు."

ఏడో రోజు పొద్దున బాబాయే వచ్చి చూశాడు. ముప్పై అయిదు. చేపల జంట మూల వదిలి తొట్టె నడిమధ్యకొచ్చింది. ఆయన అటు వెళ్ళగానే కోడలు డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా అద్దం ముందు నిలబడింది.

"కొత్త పంపు మంచిది మామయ్యా."

ఔననొచ్చు. ఔనంటే సరిపోయేది. కానీ బాగున్న యంత్రాన్ని పాడైందని చెప్పడం మేస్త్రి నలభై ఏళ్ళలో చేయని పని.

"పంపు కాదమ్మా. నేను. రోజూ ఉప్పునీళ్ళు పోశాను. ఆ నాలుగూ నా చేతుల్లోనే పోయాయి."

కోడలు తొట్టెకేసి తిరిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుంది.

"నీళ్ళు పోయండన్నాను గానీ ఏ నీళ్ళో చెప్పలేదు," అంది. "వార్డులో ఇలా అప్పజెబితే నా ఉద్యోగం ఊడేది."

"అయితే నా మీద పడ్డ నింద మాటేమిటి?" అని వంటింట్లోంచి అత్తగారు. "బొద్దింకలు కూడా నన్ను చూసి నవ్వాయి!"

కోడలు నవ్వాపుకుని మామగారికేసి తిరిగింది. వార్డులో డ్యూటీ మారేటప్పటిలా నిటారుగా నిలబడింది.

"ఇద్దరు పేషెంట్లు మామయ్యా. ఇద్దరూ బాగానే ఉన్నారు. మేత పూటకొక్క చిటికెడు. గీత దాకా నీళ్ళు, మంచినీళ్ళు మాత్రమే. రాత్రి దాకా నాకు నిద్ర. మీకప్పజెప్పాను."

మేస్త్రి కూడా నిటారుగా నిలబడ్డాడు. "మంచినీళ్ళు మాత్రమే," అని తిరిగి చెప్పి, తొట్టె అప్పగింత పుచ్చుకున్నాడు.